మొద్దు మిగిలితే చాలు

యెషయా గ్రంథం 6వ అధ్యాయం చివరి వచనంలో సింధూర వృక్షం పేరు వస్తుంది. ఇది నుదుట పెట్టుకొనే సిందూరపు చెట్టు కాదు. ఇంగ్లీషువారు ఓక్ అనే చెట్టు. మన విశాఖ కొండల మీద ఇది కానరాదు.

పాలస్తీనా రాతి కొండల మీద పెరిగే ఓక్‌కు ఆకులు చిన్నవి, అంచుల్లో ముళ్లుంటాయి. వదిలేస్తే పెద్ద వృక్షమవుతుంది. మేకలు మేసి, జనం వంటచెరకుకు నరికేచోట పొదగానే ఉండిపోతుంది. అయినా చావదు. రాళ్ల సందుల్లోకి దిగిన వేరు నుండి మళ్లీ చిగురిస్తుంది.

హెబ్రోనులో అబ్రాహాము చెట్టని యాత్రికులు దర్శించే ముసలి ఓక్ 1996 నాటికి ఎండిపోయింది. 1998లో దాని వేరు నుండి పిలక లేచింది. ఎండిన మాను 2019లో కూలింది. నరికిన చెట్టుకు మొద్దు మిగిలినట్లు దేవుని ప్రజల్లో శేషం మిగులుతుందన్న ప్రవక్త మాట ఇట్టి చెట్టును చూచినవారికి బాగా బోధపడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు నగర వీధుల్లోనూ, కంబాలకొండ అడవిలోనూ ఎన్నో చెట్లు కూలాయి. మన వేప, కానుగలకు కూడా మొద్దు నుండి చిగురించే గుణం ఉంది. వేళ్లతో పెకలించి పారేస్తే ఆ అవకాశం పోతుంది.

కనుక కట్టెలకు నరికేటప్పుడు వేరు తవ్వకండి. జానెడు మొద్దు ఉంచి, చుట్టూ ముళ్లకంప వేసి, చిగుళ్లను మేకల నుండి కాపాడండి. అలాగే, దెబ్బతిన్న కుటుంబాన్ని చూచి ఇక వీరి పని అయిపోయిందని అనకండి. వేరు ఇంకా ఉన్నదేమో చూడండి.