పాత సైకిలుకు షాకులున్నాయా? చూసి కొనండి!

గేరు సైకిలంటే మీ అందరికీ మోజే. లావుపాటి గళ్ళ టైర్లు, ముందు చక్రానికి అటూ ఇటూ మోటారుసైకిలుకున్నట్టు షాకులు! కొత్తదాని ధర చెబితే నాన్నగారు వినిపించుకోరు. అంతలో, పై చదువుకు పట్నం వెళ్ళిపోయిన ఒక కుర్రవాడి సైకిలు చవగ్గా అమ్మకానికి వస్తుంది. మీరు వెళ్ళి హ్యాండిలు పట్టుకుని కిందికి నొక్కుతారు. అది దిగి, చటుక్కున పైకి లేస్తుంది. అంతే, ఇక ఆ సైకిలే కావాలంటారు!

కాస్త ఆగండి. అలా లేచినంత మాత్రాన ఆ షాకు మంచిదని చెప్పలేం. గొలుసు తెగితే సైకిలును నడిపించుకుంటూ ఇంటికి రావచ్చు. ముందు ఫోర్కు విరిగితే మాత్రం ముఖం మీద పడతారు. అందుచేత కొనేముందు మీరూ నాన్నగారూ కలిసి ఆ ఫోర్కును పరీక్ష చెయ్యాలి. ఉద్దానం పిల్లలైతే మరీను.

ఎందుకంటారా? పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళితే జీడితోటలూ, కొబ్బరితోటలూ, పనసచెట్లూ కనిపిస్తాయి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. అక్కడ సముద్రం దగ్గిర. టెక్కలికి చేరువనే ఉన్న నౌపడాలో సముద్రపు నీటిని మళ్ళలో ఎండబెట్టి ఉప్పు తీస్తారు గదా! అలాంటి ఉప్పే కెరటాల తుంపరతో గాలిలోకి లేచి, ఇనుము మీద వాలుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఉప్పుతడి తగిలిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తీరం దగ్గిర పెరిగిన సైకిలు చూపుకు కొత్తగా ఉన్నా, ఫోర్కు లోపల ముసలిదై ఉండవచ్చు.

ఇంతకూ ఫోర్కు లోపల ఏముంటుంది? ఫోర్కుకు రెండు కాళ్ళు. ఒక్కొక్క కాలిలో, మెరిసే సన్నని గొట్టం లావుపాటి గొట్టంలోకి దిగుతూ లేస్తూ ఉంటుంది. లోపల స్ప్రింగు ఉంటుంది. చవక ఫోర్కుల్లో చాలావాటికి ఒక కాలిలోనే స్ప్రింగు; రెండో కాలు ఉత్తదే! గతుకు తగిలితే స్ప్రింగు ఆ దెబ్బను దాచుకుంటుంది. దాచుకుని ఊరుకోదు, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే చక్రం బంతిలా ఎగురుతుంది. మంచి ఫోర్కులో స్ప్రింగుతోపాటు నూనె కూడా ఉంటుంది. ఆ నూనె సన్నని రంధ్రాలగుండా మెల్లిగా పోవలసి ఉంటుంది గనక, స్ప్రింగు దూకుడు తగ్గుతుంది. బాంకులో తలుపులు దభీమని కొట్టుకోకుండా నెమ్మదిగా మూసుకుంటాయి, చూశారా? అదీ ఇలాంటి కిటుకే.

1989లో అమెరికాలో పాల్ టర్నర్ అనే ఆయన రాక్‌షాక్స్ అనే కంపెనీ పెట్టి, సైకిళ్ళకు ఇలాంటి ఫోర్కు తయారుచేశాడు. అందులో గాలీ, నూనే ఉన్నాయి. 1990లో డురాంగోలో జరిగిన ప్రపంచపోటీలలో, కొండ దిగే పందెంలో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. ఆ తరవాత అందరికీ షాకుల పిచ్చి పట్టింది. చవక సైకిళ్ళకు రూపం మిగిలింది గాని, నూనె మిగలలేదు.

ఇక పరీక్ష మొదలుపెడదాం. మెరిసే గొట్టాలను గుడ్డతో తుడిచి, గోటితో గీకి చూడండి. మరక పోతే భయం లేదు. గోరు గుంటల్లో తట్టుకుంటే, తుప్పు లోతుకు దిగిందన్నమాట. ఆ గుంటలు పైనున్న రబ్బరు చుట్టును కోసేస్తాయి. ఆ దారిన ఇసుకా నీళ్ళూ లోపలికి పోయి, ఆకురాయిలా అరగదీస్తాయి.

తరవాత ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. "టక్ టక్"మని చప్పుడు వస్తే, అది ఎక్కణ్ణుంచి వస్తున్నదో కనుక్కోవాలి. రెండు గొట్టాలు కలిసేచోట నాన్నగారిని వేలు పెట్టి చూడమనండి. అక్కడే కదులుతుంటే లోపలి బుష్షులు అరిగాయి. చవక ఫోర్కులకు విడిభాగాలు దొరకడం కష్టం, ఫోర్కునే మార్చాలి. హ్యాండిలు కింద కదులుతుంటే మాత్రం అది గుళ్ళ బిగింపు సంగతి. సైకిలు షాపువాడు తేలిగ్గా సరిచేస్తాడు. ఈ తేడా తెలియక మంచి సైకిలు వదిలేసేవాళ్ళూ ఉన్నారు, చెడ్డది కొనేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు పక్కనుంచి చూడండి. కాళ్ళు వెనక్కు వంగి ఉన్నాయా? ఆ సైకిలు ఎక్కడో గుద్దుకున్నదన్నమాట. రెండు కాళ్ళూ పైన కలిసేచోట సన్నని పగులుందా? దాని వెనక ఫ్రేము కడ్డీ మీద రంగు ముడతలు పడిందా? వీటిలో ఏ ఒక్కటున్నా, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి. ఇక్కడ బేరం పనికిరాదు.

ఇవన్నీ నెగ్గితే, ఒక దారం పరీక్ష మిగిలింది. మెరిసే గొట్టానికి దారం చుట్టి ముడివేసి, రబ్బరు చుట్టుదాకా జరపండి. మెల్లిగా సీటు మీద కూచుని, మెల్లిగా దిగండి. దారం పైకి జరిగి ఉంటుంది. ఎంత జరిగిందో స్కేలుతో కొలవండి. చవక ఫోర్కు మొత్తం మీద అయిదారు సెంటీమీటర్లు దిగుతుంది. మీరు కూచున్నప్పుడు సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. తరవాత గతుకుల దారిలో కొంతదూరం తొక్కి రండి. అప్పుడు కూడా దారం ఉన్నచోటే ఉంటే, ఆ స్ప్రింగు పెద్దవాళ్ళ బరువుకు చేసినది. మీకది ఉత్త బరువే! చవక స్ప్రింగు ఫోర్కు రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. షాకులు లేని ఇనప ఫోర్కు కిలో పైచిలుకు, అంతే. కాలి పైన ఉండే మరను తిప్పితే స్ప్రింగు మెత్తబడుతుందనుకుంటారేమో! అది మొదటి బిగువునే మారుస్తుంది గాని, స్ప్రింగు స్వభావాన్ని మార్చదు.

మరి ఇసుకలో ఎలా? ఇసుకలో షాకు కన్న టైరే ఎక్కువ పనిచేస్తుంది. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన దాన్ని మొదట తయారుచేసింది తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసమే. గాలి కాస్త తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని, ఇసుకలో తక్కువగా దిగబడుతుంది. చిన్న గతుకులను కూడా అదే మింగేస్తుంది. అందుకే, ఫోర్కు మీ బరువుకు కదలకపోయినా, పగుళ్ళూ వంకరలూ లేకపోతే ఆ సైకిలు కొనవచ్చు. షాకులున్నాయని ఎక్కువ డబ్బు మాత్రం ఇవ్వకండి.

సముద్రం ఒడ్డునుంచి వచ్చిన రోజున ఫోర్కును చెంబుడు మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అంకెలు వేసి ఉంటాయి. వాటిలో చిన్న అంకెకన్న తగ్గించారో, రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సైకిళ్ళు తొక్కేవాళ్ళు వాటికి పెట్టిన పేరేమిటో తెలుసా? పాముకాటు!