ఒకే కారు, దేశానికో రూల్: సెల్ఫ్ డ్రైవింగ్ ఫీచర్లు మన దగ్గరికొచ్చేసరికి ఏమవుతున్నాయి?

2025 జూలైలో టెస్లా మోడల్ వై ఇండియాకి వచ్చింది. ఎక్స్ షోరూమ్ ధర 59.89 లక్షల నుంచి మొదలు. ఆప్షన్ల లిస్టులో ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ అని ఒకటి పెట్టారు, దానికి ఇంకో 6 లక్షలు. తిరుపతిలో ఆ డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ కారే వస్తుంది. సరే, కట్టేశాం అనుకోండి. అమెరికా యూట్యూబర్లు చూపించినట్టు కారు తనంతట తానే సిగ్నల్ దగ్గర ఆగి, మలుపు తిరిగి, ఇంటికి తీసుకెళ్తుందా? లాంచ్ నాటికి ఇక్కడ ఆ పని చేయదు. ఎప్పుడో ఒక అప్‌డేట్‌లో వస్తుందన్న ఆశని కొంటున్నట్టు లెక్క.

కెమెరాలు అవే, చిప్ అదే. మరి తేడా ఎక్కడ? ట్రాఫిక్, ట్రైనింగ్ డేటా లాంటి కారణాలు ఉన్నాయి కానీ ఈ ఆర్టికల్లో రూల్స్ గురించే చూద్దాం. ఎందుకంటే ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ లాక్ లాగా, కారులో ఏది ఆన్ అవ్వాలో చాలాసార్లు చట్టమే నిర్ణయిస్తుంది.

ముందు ఒక్క విషయం క్లియర్‌గా. ఎస్ఏఈ అనే సంస్థ ఆటోమేషన్‌ని 0 నుంచి 5 వరకు లెవెల్స్‌గా విడగొట్టింది. లెవెల్ 2 వరకు కారు సాయం మాత్రమే చేస్తుంది, డ్రైవర్ మీరే. లెవెల్ 3 నుంచి సిస్టమ్ ఆన్‌లో ఉన్నంతసేపు నడిపేది కారే. గుద్దితే తప్పు ఎవరిది అనే ప్రశ్న ఇక్కడ తలకిందులవుతుంది. అందుకే ప్రభుత్వాలు ఈ గీత దగ్గరకొచ్చేసరికి చాలా జాగ్రత్త పడతాయి.

జపాన్ 2020లో తన ట్రాఫిక్ చట్టం మార్చింది, 2021 మార్చిలో హోండా లెజెండ్ లెవెల్ 3తో వచ్చింది, అదీ 100 కార్లే, లీజుకి. జర్మనీలో మెర్సిడెస్ డ్రైవ్ పైలట్ 2022లో అమ్మకానికి వచ్చినప్పుడు గంటకి 60 కిలోమీటర్లు దాటితే పనిచేసేది కాదు. ఆ 60 ఇంజనీర్లు పెట్టుకున్న లిమిట్ కాదండీ. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం తెచ్చిన ఆర్157 అనే రూల్‌లో ఉన్న అంకె. తర్వాత ఆ రూల్‌ని సవరించి 2023 జనవరి నుంచి 130 దాకా వీలు కల్పించారు.

లెవెల్ 2కి కూడా అక్కడ ఆర్79 అని ఇంకో రూల్ ఉంది. లేన్ మధ్యలో నడిపించే ఫీచర్ వాడుతూ స్టీరింగ్ మీద చేతులు తీస్తే గరిష్ఠంగా 15 సెకన్లలో వార్నింగ్ రావాలి. మలుపులో కారు పక్కకి లాగే బలానికి కూడా పరిమితి ఉంది, సెకను స్క్వేర్‌కి 3 మీటర్లు. అంటే అమెరికాలో స్టీరింగ్ దానంతట అదే తిప్పుకుని పోయే ఒంపులో, యూరప్‌లో అదే కారు ‘ఇక నువ్వే పట్టుకో’ అనొచ్చు.

అమెరికా పద్ధతే వేరు. అక్కడ కంపెనీ తన కారు రూల్స్‌కి సరిపోతుందని తనే సర్టిఫై చేసుకుంటుంది. అందుకే జనరల్ మోటార్స్ 2017లోనే చేతులు వదిలేసే సూపర్ క్రూజ్ అమ్మగలిగింది. బ్రిటన్‌లో ఫోర్డ్ బ్లూక్రూజ్‌కి ఇలాంటి అనుమతి రావడానికి 2023 ఏప్రిల్ అయ్యింది. శాన్ ఫ్రాన్సిస్కోలో మనోళ్ళు వేమో ఎక్కి స్టేటస్‌లు పెడుతుంటారు కదా, దాని వెనకాల కాలిఫోర్నియా ఇచ్చిన పర్మిట్లు ఉన్నాయి. అదే రాష్ట్రం 2023 అక్టోబర్‌లో క్రూజ్ కంపెనీ పర్మిట్ ఆపేసింది కూడా. స్వేచ్ఛ ఇచ్చినంత మాత్రాన పట్టించుకోరని కాదు.

ఇప్పుడు మన కథ. నాకు బాగా నచ్చిన ఉదాహరణ రాడార్. అడాప్టివ్ క్రూజ్‌కి వాడే రాడార్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది, కాబట్టి స్పెక్ట్రమ్ అనుమతి కావాలి. మన దేశంలో 76-77 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 2015లో లైసెన్స్ మినహాయింపు ఇచ్చారు. అమెరికాలో ఎఫ్‌సీసీ 2017లో 76 నుంచి 81 దాకా మొత్తం తెరిచింది. ఈ తేడా చిన్నది కాదు. రాడార్‌లో రెండు వస్తువుల్ని దూరాన్ని బట్టి విడిగా గుర్తించే సామర్థ్యం కాంతి వేగాన్ని బ్యాండ్‌విడ్త్‌కి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 1 గిగాహెర్ట్జ్ వెడల్పుకి 15 సెంటీమీటర్లు. 4 గిగాహెర్ట్జ్ ఉంటే 4 సెంటీమీటర్ల లోపే. లారీ వెనకాల ఆనుకుని పోయే బైకు, లారీ నుంచి వేరుగా కనిపించాలంటే ఈ లెక్క ముఖ్యం.

రెండో ఉదాహరణ మన రాయలసీమలోనే తయారవుతుంది. కియా సెల్టోస్, పెనుకొండ ఫ్యాక్టరీ. 2019లో కొరియాలో వచ్చిన సెల్టోస్‌లో ముందు వాహనాన్ని చూసి బ్రేక్ వేసే ఫీచర్, లేన్ అసిస్ట్, స్మార్ట్ క్రూజ్ ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో మన దగ్గర లాంచ్ అయిన సెల్టోస్‌లో ఇవేవీ లేవు. ఇక్కడికి రావడానికి 2023 ఫేస్‌లిఫ్ట్ దాకా ఆగాలి, వచ్చినా టాప్ వేరియంట్లకే. రాడార్ బ్యాండ్ 2015లోనే ఇచ్చారు కదా, మరి ఏ రూల్ అడ్డం వచ్చింది? ఏదీ కాదు. పెట్టమని చెప్పే రూల్ లేదు, అంతే.

నా ఉద్దేశంలో అసలు పాయింట్ ఇదే. ‘ఇది వద్దు’ అనే రూల్స్ గురించే మనం గొడవ పడుతుంటాం. 2023 డిసెంబర్‌లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ల ఉపాధి పోతుందంటూ డ్రైవర్‌లెస్ కార్లని దేశంలోకి రానివ్వనని చెప్పినప్పుడు సోషల్ మీడియాలో ఎంత రచ్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. నిజానికి పరిశోధనకి తలుపు మూయలేదు. మోటార్ వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 2బి సెక్షన్ కింద ప్రయోగాల కోసం కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చు. కందిలో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో టీహాన్ అనే టెస్ట్‌బెడ్ 2022 జూలైలోనే మొదలైంది.

‘ఇది ఉండాల్సిందే’ అనే రూల్ గురించి మాత్రం ఎవరూ ట్వీట్ చేయరు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారులో ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ తప్పనిసరి, బేస్ మోడల్ అయినా సరే. అమెరికా 2029 సెప్టెంబర్ గడువు పెట్టుకుంది. మన రవాణా శాఖ 2025 మార్చిలో తెచ్చిన ముసాయిదా బస్సులకీ లారీలకీ ఎమర్జెన్సీ బ్రేకింగ్, నిద్రమత్తు హెచ్చరిక, లేన్ దాటితే హెచ్చరిక పెట్టమంటోంది. మంచిదే. కానీ మనం కొనుక్కునే మామూలు కారు అందులో లేదు. కాబట్టి చిత్తూరు-తిరుపతి రోడ్డులో రాత్రిపూట లైట్ల్లేకుండా ఆగిన లారీని చూసి బ్రేక్ వేసే ఫీచర్, సన్‌రూఫ్‌తో కలిపి టాప్ మోడల్‌లో కొనుక్కోవాల్సి వస్తోంది.

చిత్తూరులో మా మామ ఒకాయన కొత్త కారు తీసుకుని నన్ను అడిగాడు: “ఏం అల్లుడా, అమెరికాలో చేతులు వదిలేస్తే పోతాంది, మనది కొండకి పోదా?”

“పోదు మామా, వదలొద్దు.”

ఎందుకంటే తిరుమల ఘాట్‌కి దాని రూల్ దానికుంది. పైకి 28 నిమిషాలకి, కిందికి 40 నిమిషాలకి ముందే చేరితే ఫైన్. పైకి సుమారు 18 కిలోమీటర్లు అంటే సగటున గంటకి 40 లోపే. ఇది యావరేజ్ స్పీడ్ లెక్క, బోర్డు చదివే కెమెరాకి అంతుపట్టేది కాదు. పైగా హెయిర్‌పిన్ మలుపులో ముందున్న వాహనం రాడార్ చూపులోంచి తప్పుకుంటుంది. దారి ఖాళీ అనుకుని క్రూజ్ కంట్రోల్ సెట్ చేసిన స్పీడ్ అందుకోవడానికి చూస్తుంది. ఘాట్‌లో అది ఆఫ్ చేసేయండి.

కొనేటప్పుడు ‘లెవెల్ 2’ స్టిక్కర్ చూసి ఆగిపోకండి. మీరు తీసుకునే వేరియంట్‌లోనే ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉందా, అది మనుషుల్నీ బైకుల్నీ గుర్తిస్తుందా, ఏ స్పీడ్ నుంచి ఏ స్పీడ్ దాకా పనిచేస్తుంది అని అడగండి. జవాబు సేల్స్‌మన్ నోటి నుంచి కాకుండా ఇండియా ఓనర్స్ మాన్యువల్ నుంచి తీసుకోండి. చాలా కంపెనీలు పీడీఎఫ్ ఫ్రీగానే పెడతాయి.