గూడూరు బస్టాండ్‌లో డిజైన్ పాఠం

యూఐ, యూఎక్స్ డిజైనర్ ఉద్యోగం కోసం పోర్ట్‌ఫోలియో తయారు చేస్తున్నారా? ఒకసారి అందులో ఏమున్నాయో చూసుకోండి. ఫుడ్ డెలివరీ యాప్, మ్యూజిక్ యాప్, ట్రావెల్ యాప్... మీ ఫ్రెండ్ దగ్గరా ఇవేగా! అందరూ బిహాన్స్, పింట్‌రెస్ట్‌లే చూస్తుంటే ఐడియాలూ ఒకేలా వస్తాయి. ఇంటర్వ్యూలో 'ఈ బటన్ ఇక్కడే ఎందుకు పెట్టారు?' అని అడిగితే 'బాగుందని పెట్టా సార్' అనడం తప్ప జవాబుండదు.

మాది చిన్న ఊరు, ఇక్కడ ఏం దొరుకుతుంది అనుకోకండి. నర్సంపేట - మహబూబాబాద్ రోడ్డు మీదున్న గూడూరునే తీసుకుందాం. బస్టాండ్‌లో ఓ అరగంట కూర్చోండి, ఫోన్ జేబులో పెట్టేసి. బస్సు రాగానే బోర్డు చదివి ఎక్కేవాళ్లెందరు? 'ఈ బస్సు యాడికి పోతది బిడ్డా?' అని అడిగేవాళ్లెందరు? లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ పెద్దమ్మ ఎందుకు అడిగింది? అక్షరాలు ఆనకనా, చదవడం రాకనా, బోర్డు మీద నమ్మకం లేకనా? మొదటిదైతే అక్షరాల సైజు పెంచితే సరి. రెండోదైతే రంగో, గుర్తో, అనౌన్స్‌మెంటో కావాలి. మూడోదానికి కండక్టర్ నోటిమాటే మందు. ప్రతి సమస్యకూ యాప్ అక్కర్లేదు మరి!

రంగుల సంగతికొస్తే, బతుకమ్మను డిజైనర్ కళ్లతో చూడండి. కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడే వరుసలు, తంగేడు పసుపు పక్కన రంగు అద్దిన గునుగు. కాంట్రాస్ట్ అంటే ఏంటో అక్కడే అర్థమవుతుంది. ఒకప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గీసిందీ తన ఊళ్లో చూసిన ఆడవాళ్లనే. ఆ పెద్ద బొట్లు, ముదురు రంగు చీరలే ఆయన బొమ్మలకు గుర్తింపయ్యాయి.

ఒక్క జాగ్రత్త. తండాలో లంబాడా అద్దాల కుట్టు నచ్చిందని దాన్ని తెచ్చి లాగిన్ స్క్రీన్‌కు అతికిస్తే అది డిజైన్ కాదు, అలంకరణ. ఆ అద్దం అక్కడే ఎందుకు కుట్టారో కుట్టినవాళ్లనే అడగండి. ఫొటో తీసే ముందు అనుమతీ అడగండి.

బీటెక్ తర్వాత ఎం.డిజైన్ చేయాలనుకునేవాళ్లకు ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ కోర్సు ఉంది. పరీక్షలో చేత్తో బొమ్మ గీయాల్సి ఉంటుంది కాబట్టి బస్టాండ్ స్కెచ్‌లు అక్కడా పనికొస్తాయి. ఉద్యోగమే కావాలంటే, ఆ నోట్‌బుక్ పేజీలను స్కాన్ చేసి పోర్ట్‌ఫోలియోలో ఫైనల్ స్క్రీన్ల కంటే ముందు పెట్టండి. కొట్టివేతలతో సహా.