చౌక్ బజార్ నుంచి డయ్యూ దాకా

సూరత్ తెలుగువాళ్లు రెండు రోజుల్లో చుట్టి వచ్చే ఆ చిన్న దీవి కథ మధ్యధరా సముద్రం దాకా వెళ్తుంది. చెప్పేవాళ్లే కావాలి.

సూరత్ పాతబస్తీలో భారత పురావస్తు శాఖ కాపాడుతున్న సమాధి ఒకటి ఉంది. అది ఖ్వాజా సఫర్ సులేమానీది. లింబాయత్ నుంచి, ఉధనా నుంచి రోజూ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు వచ్చిపోయే తెలుగువాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ. ఆయన కట్టించిన కోటను మాత్రం అందరూ చూసే ఉంటారు. చౌక్ బజార్ దగ్గర తాపీ నది ఒడ్డున గుండ్రటి బురుజులతో నిలబడి ఉంటుంది. నగర పాలిక దాన్ని బాగుచేయించి మ్యూజియంగా తెరిచింది.

సఫర్ ఇటలీ దక్షిణపు కొసన, మధ్యధరా తీరంలో పుట్టినవాడని చెబుతారు. తురుష్కుల కొలువులో చేరాడు, ఎర్ర సముద్రం మీదుగా 1531లో గుజరాత్ వచ్చాడు, సుల్తాను బహదూర్ షాకు దగ్గరయ్యాడు. తర్వాతి సుల్తాను కాలంలో ఖుదావంద్ ఖాన్ అనే బిరుదుతో సూరత్‌ను ఏలాడు. అప్పటికి పరంగీల, అంటే పోర్చుగీసువాళ్ల, ఓడలు తాపీలోకి చొరబడి 1512లో ఒకసారి, 1530, 31లలో మళ్లీ సూరత్‌ను తగలబెట్టి పోయాయి. వాళ్లను ఆపడానికే ఈ కోట. రాళ్లను ఇనుప కొక్కేలతో బిగించి సందుల్లో కరిగించిన సీసం పోశారనీ, కోట కట్టడం మానుకుంటే డబ్బిస్తామని పరంగీలు బేరం పెడితే ఖాన్ ఒప్పుకోలేదనీ పారశీక చరిత్రకారులు రాశారు. 1546లో కోట పూర్తయిందని చెబుతారు. అదే ఏడాది ఖాన్ సముద్రం అవతల డయ్యూలో పరంగీల కోటను ముట్టడిస్తూ ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు.

అందుకే ఈ కథనం డయ్యూ గురించే అయినా సూరత్‌లో మొదలైంది. ఈ రెండు ఊళ్లనూ కలిపి చూస్తేనే రెండూ అర్థమవుతాయి.

ఓడలో నాలుగు గంటలు

కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి తరాల కిందటే మగ్గాల పనికి సూరత్ చేరిన కుటుంబాలకు సొంతూరి ప్రయాణమంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. సరదా ప్రయాణమంటే షిర్డీ, సోమనాథ్, ద్వారక. సోమనాథ్ వెళ్లేవాళ్లు దారిలో ఉందని డయ్యూనూ కలుపుకుంటారు. ఇటీవల డయ్యూకే ప్రత్యేకంగా వెళ్లేవాళ్లు పెరిగారు. దానికి ఒక కారణం హజీరా రేవు. 2020 నవంబరు 8న హజీరా నుంచి ఘోఘాకు వాహనాలను కూడా ఎక్కించుకునే ఓడ మొదలైంది. రోడ్డున ఖంభాత్ సింధుశాఖను చుట్టి వెళ్తే 370 కిలోమీటర్లున్న దూరం సముద్రం మీద 90 అయింది. పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలకు తగ్గింది.

ఓడ కింది అంతస్తులో లారీలు, కార్లు, బైకులు ఉంటాయి. పైన కూర్చున్నవాళ్లలో చాలామంది అమ్రేలీ, భావ్‌నగర్ వైపు నుంచి వచ్చి సూరత్‌లో వజ్రాలు సానపట్టే కార్మికులు, వాళ్ల పిల్లలు. పండగకో, పెళ్లికో ఊరికి పోతుంటారు. సింధుశాఖలో నీళ్లు నీలంగా కాక చాలాదూరం మట్టిరంగులోనే ఉంటాయి. భావ్‌నగర్ దగ్గర పోటుకీ పాటుకీ మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. మన దేశంలో ఇంత పెద్ద పోటు మరెక్కడా అంతగా కనిపించదు. పాత కాలపు నావికులు ఈ సింధుశాఖకు ఎందుకు భయపడేవారో, దాని ముఖద్వారంలో ఉన్న డయ్యూ కోసం ఎందుకంత కొట్టుకున్నారో ఓడ మీద నిలబడితే తెలుస్తుంది. పడమటి నుంచి ఖంభాత్‌కో సూరత్‌కో రావాల్సిన ఓడలకు దారి డయ్యూ ముందు నుంచే. డయ్యూ చేతిలో ఉంటే వచ్చిపోయే ప్రతి ఓడనూ ఆపి అనుమతి చీటీ అడగవచ్చు, సుంకం గుంజవచ్చు. పరంగీలు సరిగ్గా అదే చేశారు.

ఘోఘాలో దిగాక తళాజా, మహువా, రాజులా, ఊనా మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు. దారి నుంచి కాస్త పక్కకు తిరిగితే అలంగ్ వస్తుంది. ప్రపంచంలోని పాత ఓడలు ఎన్నో ఆ ఒడ్డుకు చేరి ముక్కలవుతాయి. రోడ్డు పక్క దుకాణాల్లో ఓడల మంచాలు, గిన్నెలు, అద్దాలు అమ్ముతారు.

ఇంత దూరం వెళ్లి డయ్యూలో గడిపే సమయం మాత్రం ఒకటిన్నర రోజు. అందులో గైడు చెప్పేది మరీ తక్కువ. గుజరాత్‌లో లేని మద్యం ఇక్కడ దొరుకుతుందని వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి బండివాళ్లూ, హోటళ్లవాళ్లూ ఆ లెక్కనే ఊరు తిప్పుతారు. కోట దగ్గర అరగంట ఆపి, "ఏ పోర్చుగీజ్ కా కిలా హై, ఫొటో లే లో" అనేసి పక్కకు తప్పుకుంటారు. పెద్దవాళ్లు గోడ నీడన చతికిలబడతారు. "గిది సూసినం గదా, ఇంగ బీచ్‌కు పోదాం పా" అని కుర్రాళ్లు తొందరపెడతారు. వాళ్లను తప్పుపట్టలేం. కథ తెలియని కోట రాళ్ల గుట్టే కదా.

కోటలో ఏం చెప్పాలి

చెప్పగలిగినవాడు ఉంటే ఆ అరగంటే రెండు గంటలవుతుంది. కోట మూడువైపులా సముద్రం, నాలుగోవైపు రాతిని తొలిచి చేసిన కందకం. బురుజుల మీద పాత కంచు ఫిరంగులు ఇంకా ఉన్నాయి. నడిసముద్రంలో ఓడ ఆకారంలో కనిపించేది పానీకోఠా, ఒకప్పటి చెరసాల. ఇవన్నీ కళ్లకు కనిపించేవే. కనిపించనిది చెప్పడానికే గైడు కావాలి.

1509 ఫిబ్రవరి 3న ఈ దీవి ముందు ఒక యుద్ధం జరిగింది. ఒకవైపు పోర్చుగీసు ఓడలు. మరోవైపు ఈజిప్టు మమ్లూక్ సుల్తాను పంపిన నౌకాదళం, దానికి తోడు గుజరాతీ, కోళికోడ్ ఓడలు. ఈజిప్టు సుల్తానుకు డయ్యూతో పనేమిటని అడగవచ్చు. మన మిరియాలు అరబ్బు ఓడల్లో ఎర్ర సముద్రం చేరి, ఈజిప్టు మీదుగా మధ్యధరా దాటి వెనిస్ వర్తకుల చేతికి వెళ్లేవి. ఆఫ్రికాను చుట్టి వచ్చిన పోర్చుగీసువాళ్లు ఆ దారికి గండికొట్టారు. కైరో ఖజానా, వెనిస్ అంగళ్లు రెండూ కంగారుపడ్డాయి. ఆ రోజు గెలిచింది పోర్చుగీసువాళ్లే. అప్పటి నుంచి హిందూ మహాసముద్రంలో వాళ్ల మాటకు ఎదురు చెప్పగల నౌకాబలం చాలాకాలం లేకపోయింది.

ఆ తర్వాత బహదూర్ షా విషాదం. హుమాయూన్ తరుముకొస్తుంటే దిక్కుతోచక 1535లో పోర్చుగీసువాళ్లతో సంధి చేసుకుని డయ్యూలో కోట కట్టుకోమన్నాడు. ముప్పు తొలగాక పశ్చాత్తాపపడ్డాడు. 1537 ఫిబ్రవరిలో వాళ్ల గవర్నరు నూనో ద కున్యాను చూడటానికి ఓడ మీదికి వెళ్లి, తిరిగొస్తుండగా జరిగిన కొట్లాటలో నీళ్లలోనే చనిపోయాడు. ఆ రోజు సుల్తాను వెంట ఉండి గాయాలతో బతికి బయటపడ్డవాళ్లలో మన సూరత్ కోట ఖ్వాజా సఫర్ ఒకడు. పోర్చుగీసువాళ్లు అతన్ని ఆదరించారు, నమ్మారు. అతను కొంతకాలం వాళ్లతోనే ఉండి, అదును చూసి సూరత్ చేరిపోయాడు.

1538లో తురుష్కుల చక్రవర్తి సులేమాన్ ఆజ్ఞతో ఈజిప్టు పాలకుడు హాదిమ్ సులేమాన్ పాషా సూయజ్ నుంచి పెద్ద నౌకాదళంతో వచ్చి కోటను ముట్టడించాడు. సుమారు రెండు నెలలకు ఫలితం లేక వెళ్లిపోయాడు. పెద్ద ఫిరంగులను మోసుకుపోలేక ఇక్కడే వదిలేశాడు. వాటిలో నీలమ్ అనేదాన్ని ఇప్పటికీ జునాగఢ్ ఉపర్‌కోట్‌లో చూడవచ్చు. అది 1531లో ఈజిప్టులో పోతపోసిందని దాని మీద చెక్కిన రాత చెబుతుంది. ఇంకొన్నింటిని ఖుదావంద్ ఖాన్ సూరత్ కోటకు చేర్చాడు. 1573లో అక్బర్ సూరత్‌ను పట్టుకున్నప్పుడు వాటిని చూసి ఆగ్రాకు తరలించమన్నాడని ఆయన కాలపు చరిత్రలో ఉంది.

1546లో మళ్లీ ముట్టడి. ఈసారి నడిపింది ఖాన్. వేసవిలో మొదలుపెట్టి వానాకాలమంతా కోటను ఊపిరాడనివ్వలేదు. ఆ గాలివానల్లో గోవా నుంచి సహాయం రావడం కష్టమని అతనికి బాగా తెలుసు. జూన్‌లో ఫిరంగి గుండు అతన్ని బలిగొంది. తండ్రి స్థానంలో నిలబడ్డ కొడుకు రూమీ ఖాన్ కూడా నవంబరులో గవర్నరు జువాఁవ్ ద కాస్త్రో సేనతో వచ్చినప్పుడు యుద్ధంలో పోయాడు. గెలిచిన కాస్త్రో చేతిలో శిథిలమైన కోట మిగిలింది, దాన్ని తిరిగి కట్టించడానికి డబ్బు లేదు. అప్పు కోసం గోవా నగర పెద్దలకు ఉత్తరం రాసి, తాకట్టుగా తన గడ్డం వెంట్రుకలు పంపాడు. వాళ్లు డబ్బుతో పాటు ఆ వెంట్రుకలను కూడా గౌరవంగా తిరిగి పంపించారు. మనం ఈ రోజు నడిచే గోడల్లో చాలాభాగం ఆ అప్పుతో మొదలైన కట్టడమే. పిల్లలున్న బృందానికి ఈ ఒక్క కథ చెప్పి చూడండి. బీచ్ మాట మరిచిపోతారు.

మధ్యధరా నడుమ మాల్టా దీవికి వెళ్లే పర్యాటకుడికి గైడు మొదట చెప్పేది 1565 ముట్టడి కథ. అదీ సులేమాన్ చక్రవర్తి పంపిన సైన్యమే. అక్కడా చిన్న దీవి, సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన కోట, నెలల తరబడి పోరాటం, చివరికి విఫలమైన ముట్టడి. మాల్టా ఆ కథను తన ఊరి ముఖంగా మార్చుకుంది. అదే చక్రవర్తి కాలంలో, దానికంటే ముందే, రెండుసార్లు ముట్టడిని తట్టుకున్న డయ్యూను మనం మందు దొరికే ఊరుగా మిగిల్చాం. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

మిగతా ఊరు

తక్కినవి త్వరగానే చూడవచ్చు. సెయింట్ పాల్ చర్చి ఎదుటి గోడ పనితనం దగ్గర కాస్త నిలబడండి. సెయింట్ థామస్ చర్చి ఇప్పుడు మ్యూజియం. నైదా గుహలు రాయి తవ్వుకున్న గోతులు, పైనుంచి దిగే వెలుతురు కోసం పగటిపూట వెళ్లాలి. నాగోవా తీరాన కొమ్మలు చీలిన హోకా తాళ్లు కనిపిస్తాయి. ఫుదమ్ గ్రామం దగ్గర గంగేశ్వర్‌లో అయిదు శివలింగాలను అలలు కడుగుతుంటాయి. పోటు వేళ అడిగి వెళ్తే మంచిది.

ఖుక్రీ స్మారకాన్ని మాత్రం హడావిడిగా చూడకూడదు. 1971 డిసెంబరు 9 రాత్రి ఈ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచిపెట్టలేదు. అదే పేరుతో తర్వాత నిర్మించిన ఖుక్రీ కూడా సేవలు ముగించుకుని 2022లో డయ్యూకు చేరింది.

తెలుగులో చెప్పేవాళ్లు

సూరత్ నగర పాలిక తెలుగు మాధ్యమ బడులు నడుపుతోంది. వాటిలో చదివిన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, మార్కెట్లో హిందీ తడుముకోకుండా మాట్లాడతారు. మంచి గైడుకు ఇంతకంటే పెట్టుబడి ఏం కావాలి? శిక్షణ ఇచ్చి, ఒక ఏడాది కోటల వెంట, సమాధుల వెంట తిప్పితే చాలు. వాళ్లు చెప్పాల్సినవి సూరత్‌లోనే కుప్పలుగా ఉన్నాయి. 1644లో కట్టిన మొగలు సరాయిలోనే నగర పాలిక కార్యాలయం ఉంది. డచ్చి శ్మశానంలో మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల గ్రంథం తయారుచేయించిన వాన్ రీడ్ సమాధి గోపురంతో నిలబడి ఉంది, 1691లో పోయాడు ఆయన. మన మచిలీపట్నం బందరుకోటలోనూ డచ్చివాళ్ల సమాధులున్నాయి. ఒకే కంపెనీ మనుషులు ఇటు సూరత్‌లో, అటు బందరులో బట్టలు కొని ఓడలకెత్తారు. సూరత్‌లో చనిపోయిన గుమాస్తా, బందరులో చనిపోయిన గుమాస్తా ఒకే పద్దు పుస్తకానికి లెక్క చెప్పినవాళ్లు. తెలుగు కుర్రాడు ఈ ముడి విప్పి చెబితే వినేవాళ్లకు సూరత్ పరాయి ఊరనిపించదు.

డయ్యూలో అతను మరో మాట కూడా చెప్పాలి. ఏ బండీ ఆగని వీధుల కథ అది. డయ్యూ పాత వీధుల్లో వాంజా కులస్తులుండేవాళ్లు, వృత్తి నేత. వాళ్లు నేసిన బట్టను డయ్యూ వాణియా వర్తకులు ఓడల్లో మొజాంబిక్ తీసుకెళ్లి, అక్కడ ఏనుగు దంతాలకు మార్చుకునేవారు. మన సిరిసిల్ల పట్టణం నుంచి నేతన్నలు భీవండీకి, షోలాపురానికి, సూరత్‌కు వెళ్లినట్టే, ఆ నేత కుటుంబాలు కూడా బతుకుతెరువు వెతుక్కుంటూ మొజాంబిక్ వెళ్లాయి, అక్కడి నుంచి లిస్బన్‌కు, ఇంగ్లాండులోని లెస్టర్‌కు. 1961 డిసెంబరు 19న డయ్యూ భారతదేశంలో కలిసింది. అంతకుముందు అక్కడ పుట్టినవాళ్లకు, వాళ్ల పిల్లలకు పోర్చుగీసు పౌరసత్వం పొందే హక్కు ఇప్పటికీ ఉంది. అందుకే ఆ వీధుల్లో తాళం వేసిన రంగురంగుల ఇళ్లు అన్ని కనిపిస్తాయి. ఇంటివాళ్లు డిసెంబరు సెలవుల్లో వస్తారు. లింబాయత్ నుంచి వెళ్లే పద్మశాలీ పెద్దాయన ఎవరైనా ఆ రోజుల్లో ఆ వీధిలో ఒక తలుపు తట్టి, మగ్గం గురించి అడిగితే ఇద్దరికీ మాటలకు కొదవుండదు.