87తో భాగించిన రైలు

ఏమర్రా, బొమ్మ రైలు ముందు స్కేలు పెట్టుకుని కూర్చున్నారు! కొలవండి, మంచిదే. రంగు చూసి ‘అచ్చం అలాగే ఉంది’ అనెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది.

ముందు లెక్క చెబుతాను. మోడల్ రైళ్లలో బాగా వాడుకలో ఉన్న కొలతను హెచ్‌ఓ అంటారు. అసలు రైల్లో 87 మిల్లీమీటర్లుంటే మోడల్‌లో ఒక్క మిల్లీమీటరు. మన లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజను బఫర్లతో కలిపి ఇరవైన్నర మీటర్లు. 87తో భాగిస్తే 23.6 సెంటీమీటర్లు. ఎర్రటి ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.54 మీటర్లు, అంటే మోడల్‌లో 27 సెంటీమీటర్లు. ఇంతవరకు మీ బడి లెక్కే. అన్నిటినీ 87తో భాగించేస్తే అయిపోయింది కదా అంటారు. పట్టాలు పరిచేదాకా అది నిజమే.

మన బ్రాడ్ గేజిలో ఎంత గట్టిగా వంపు తిప్పినా దాని వ్యాసార్థం 175 మీటర్లకు తగ్గకూడదు. భాగించండి. రెండు మీటర్లు! అంటే బల్లమీద గుండ్రంగా తిరగాలంటే ఆ చుట్టు నాలుగు మీటర్ల వెడల్పుండాలి. సోఫా ఎక్కడికి పోవాలని మీ అమ్మమ్మ అడుగుతుంది, ఆవిడ అడగడంలో న్యాయముంది. అందుకే బొమ్మ రైలు డబ్బాలో వచ్చే పట్టాలు గట్టిగా వంగి ఉంటాయి. జర్మనీ మెర్క్లిన్ వాళ్ల అతి చిన్న వంపుల్లో ఒకటి 36 సెంటీమీటర్ల వ్యాసార్థం. అసలు రైలుకి అది 31 మీటర్ల వంపు. అలాంటి చోట ఎక్స్‌ప్రెస్ పెట్టాలన్న ఆలోచన ఏ ఇంజనీరుకీ రాదు.

అక్కడేం జరుగుతుందో చూడండి. పెట్టె కింద ముందొకటి, వెనకొకటి చక్రాల బండ్లుంటాయి. పట్టాల మీద ఉండేవి అవే. ఎల్‌హెచ్‌బీలో వాటి నడుముల మధ్య దూరం 14.9 మీటర్లు, మోడల్‌లో 17 సెంటీమీటర్లు. పట్టా వంగుతుంది గాని పెట్టె వంగదు కదా, దాని మధ్యభాగం వంపు లోపలికి జరుగుతుంది. ఆ 36 సెంటీమీటర్ల వంపులో పది మిల్లీమీటర్లు జరుగుతుంది. పెట్టె వెడల్పే 37 మిల్లీమీటర్లు! అసలు రైలు 175 మీటర్ల వంపులో 16 సెంటీమీటర్లే జరుగుతుంది, మోడల్ లెక్కలో రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఇటు మధ్య లోపలికి, అటు కొసలు బయటికి. పక్క లైన్లో ఇంకో రైలుంటే రెండూ రాసుకుంటాయి.

దీనికి కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. జర్మన్ ఎక్స్‌ప్రెస్ పెట్టె 26.4 మీటర్లు, సరైన మోడల్ 30.3 సెంటీమీటర్లుండాలి. దాన్ని 28.2కీ, కొందరు 26.4కీ కుదించారు. ఎత్తూ వెడల్పూ ముట్టుకోలేదు. కిటికీలు కాస్త దగ్గరగా జరిపారు, అంతే. పక్కన పొడుగు పెట్టె లేకపోతే కంటికి తెలియదు. నాకు ఈ అబద్ధం మీద కోపం లేదు. వంపులో పట్టాలు తప్పే నిజం కంటే వంపులో తిరిగే అబద్ధం మేలు.

పొట్టి పెట్టెను క్షమించగలను గాని, పట్టాల మధ్య ఎడం విషయంలో నాకు పట్టింపు. హెచ్‌ఓ పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 1435, అంటే యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజి. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, భాగిస్తే 19.3 రావాలి. కానీ దొరికే పట్టాలు, చక్రాలు అన్నీ 16.5వే. అందుకని మన ఇంజన్ల మోడళ్లను వాటిమీదే నడుపుతారు. పక్కనుంచి చూస్తే తేడా లేదు. ఎదురుగా కూర్చుని చూడండి, వెడల్పాటి ఒళ్లు, దానికింద దగ్గరగా ముడుచుకున్న చక్రాలు. అసలు కొలతలో దాదాపు 24 సెంటీమీటర్ల లోటు. చిత్రమేమిటంటే హైదరాబాద్ మెట్రో స్టాండర్డ్ గేజి. దాన్ని చేసి అదే పట్టామీద పెడితే వెంట్రుకవాసి తేడా రాదు!

ఈ తంటా మనకొక్కరికే అనుకోకండి. రైలుకి పుట్టినిల్లయిన ఇంగ్లండ్‌లో ఇంకా విడ్డూరం. అక్కడి సొరంగాలు, వంతెనలు ఇరుకు, కాబట్టి ఇంజన్లూ సన్నం. 1920ల్లో బల్లమీది రైళ్లు మొదలైనప్పుడు, అడుగుకి మూడున్నర మిల్లీమీటర్ల లెక్కన, అంటే ఈ హెచ్‌ఓ కొలతలోనే, చేసిన సన్నటి ఇంజనులో ఆనాటి మోటారు పట్టలేదు. సరే, ఒళ్లు మాత్రం అడుగుకి నాలుగు మిల్లీమీటర్లకు పెంచుదాం, పట్టా అలాగే ఉంచుదాం అన్నారు. అదే ఓఓ స్కేలు. 1938లో హోర్న్‌బీ డబ్లో రైళ్లు ఆ కొలతతోనే వచ్చాయి. నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల పట్టా కాస్తా నాలుగడుగుల ఒకటిన్నర అంగుళం అయి కూర్చుంది. ఇప్పుడు మోటారు వేలి కొసంత ఉంది, అవసరం ఏనాడో తీరింది. కానీ అమ్మిన పట్టాలు, ఇంజన్లు ఇళ్లనిండా ఉన్నాయే, ఎవరు మారుస్తారు? పట్టుదల ఉన్నవాళ్లు 18.2 మిల్లీమీటర్ల పట్టా వేసుకున్నారు. ఇంకా మొండివాళ్లు 18.83 దగ్గర గాని ఆగలేదు, లెక్కప్రకారం సరైనది అదే. అంత సన్నటి పనికి చక్రాలు, పాయింట్లు చాలావరకు చేత్తో కూర్చుకోవాలి. నాకు ఆ మొండివాళ్లే ఇష్టం.

ఇక బరువు. డబ్ల్యూఏపీ-7 బరువు 123 టన్నులు. 87తో భాగిస్తే టన్ను చిల్లర వస్తుందంటారా? తప్పు. లడ్డూ అడ్డంగా రెండింతలు కావాలంటే రెండు లడ్డూల బూందీ చాలదు, ఎనిమిది లడ్డూల బూందీ పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరుగుతాయి గనుక. అలాగే ఇంజను బరువుని 87తో మూడుసార్లు భాగించాలి. వచ్చేది 187 గ్రాములు! నలభై టన్నుల పెట్టె అరవై గ్రాములు. అంత తేలిక పెట్టె పట్టా అతుకు దగ్గర గెంతుతుంది. ఇంజనుకి ఇంకో చిక్కు: కరెంటు పట్టాలోంచి చక్రంలోకి ఎక్కాలి. మధ్యలో దుమ్ముంటుంది. ఇంజనుని 87 రెట్లు చిన్నది చెయ్యగలం గాని దుమ్ముని చెయ్యలేం. బరువుగా అదిమి పట్టుకుంటేనే ఆ దుమ్ము దాటి కరెంటు అందుతుంది. అందుకే లోపల లోహపు దిమ్మలు పెట్టి లెక్కకి మించి బరువు చేస్తారు. చక్రాల అంచులూ అంతే. అసలు అంచు లోతు 28 మిల్లీమీటర్ల పైచిలుకు, మోడల్‌లో 0.33 రావాలి. మామూలుగా వాడేది దానికి దాదాపు రెట్టింపు, పట్టా తప్పకుండా.

మరి రివెట్లు? వాటి లెక్క తేడా వస్తే కొట్టుకునేవాళ్లున్నారు. వాళ్లకో మాట చెప్పాలి. ఆరోగ్యమైన కంటికి మీటరు దూరాన 0.3 మిల్లీమీటర్లకన్నా చిన్న వివరం విడిగా కనబడదు. ఇరవై మిల్లీమీటర్ల రివెట్ మోడల్‌లో 0.23. కాబట్టి సరైన కొలత రివెట్ మీటరు దూరం నుంచి కనబడకూడదు! కనబడుతోందంటే లావుగా చేశారన్నమాటే. నిజానికి మీటరు దూరంలోంచి మోడల్‌ని చూడటం, అసలు రైలుని 87 మీటర్ల అవతల నుంచి చూడటం. అంత దూరాన రంగులు కాస్త వెలిసినట్టుంటాయి, తళతళ తగ్గుతుంది. అందుకే తెలిసిన చెయ్యి డబ్బాలోని రంగుకి కొంచెం తెలుపు కలిపి, మెరుపు చంపి వేస్తుంది. మన ఎల్‌హెచ్‌బీ పెట్టెలకైతే ఆ తగువే లేదు, ఒళ్లంతా వెల్డింగే.

కొలిచింది చాలు, ఇక నడపండి. అదిగో, రయ్యిమనిపించారు! సెకనుకి మీటరు నడిచిందంటే గంటకి 313 కిలోమీటర్లన్నట్టు. అది జపాన్ బుల్లెట్ రైలు వేగం, మన ఎక్స్‌ప్రెస్‌ది కాదు. బల్లమీద మీటరు దూరానికి సుద్దతో రెండు గీతలు గీయండి. 130 కిలోమీటర్ల వేగమైతే ఆ దూరం దాటడానికి దాదాపు రెండున్నర సెకన్లు పట్టాలి. ప్లాట్‌ఫామ్ మీదికి ముప్పైతో వస్తుంటే పది సెకన్ల పైనే. నాబ్ నెమ్మదిగా వెనక్కి తిప్పు చిన్నోడా, నువ్వు గట్టిగా లెక్కపెట్టమ్మలూ.