మీకు తెలుసా? స్వరం గాలిలో ఆగదు, పెట్టెలో ఆగుతుంది

శుక్రవారం సాయంత్రం మస్కట్‌లో, ఖురుమ్ పార్కులో నాలుగు తెలుగు కుటుంబాలు చేరాయనుకోండి. చాప మీద కీబోర్డు, దానికి తగిలించిన చిన్న ట్రాన్స్‌మిటర్, పక్కనే బ్లూటూత్ స్పీకరు. కీ నొక్కాక స్వరం కాస్త ఆగి వస్తుంది. దాని కోసం చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే పాట ఇంకా వెనకబడుతుంది. అందరూ వాయించేవాణ్ణే తాళం రాదంటారు. పాపం, వాడి తప్పేం లేదు.

మామూలు బ్లూటూత్‌లో ఈ ఆలస్యం సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు. గాలిలో జరిగే ఆలస్యం కాదిది. మస్కట్ నుంచి హైదరాబాద్ దాదాపు 2,200 కిలోమీటర్లు. రేడియో తరంగానికి అది 7 మిల్లీసెకన్ల దూరం. 200 మిల్లీసెకన్లిస్తే భూమిని ఒకటిన్నర సార్లు చుట్టేస్తుంది. మన స్వరం మాత్రం అంతసేపూ చాప దాటలేదు!

మరి ఎక్కడ ఆగింది? ముందు ట్రాన్స్‌మిటర్ శబ్దాన్ని కుదించి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు పోయే 2.4 గిగాహెర్ట్జ్ దారిలోనే వైఫై ఉంది, మైక్రోవేవ్ ఒవెన్ల రొదా ఉంది. దారిలో పోయిన ముక్కను మళ్ళీ పంపాలి. ఈలోగా పాట తెగకూడదని, కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో బిందెలు నింపి పెట్టుకున్నట్టు, స్పీకరు కొంత శబ్దాన్ని ముందే నిలవ చేసుకుంటుంది. ఆలస్యంలో పెద్ద వాటా ఈ నిలవదే.

శబ్దం గాలిలో పోయే వేగంతో చూస్తే, 200 మిల్లీసెకన్లంటే స్పీకరుకు దాదాపు 70 మీటర్ల దూరంలో కూర్చుని వాయించడమే. అన్నట్టు, వేడి గాలిలో శబ్దం వేగం పెరుగుతుంది. 2018 జూన్ 26న ఒమన్‌లోని ఖురయ్యాత్‌లో రోజంతా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. ఆ వేడిలో శబ్దం సెకనుకు 356 మీటర్లు పోతుంది. 20 డిగ్రీల దగ్గరైతే 343. పది మీటర్ల అవతల కూర్చున్నవాడికి అంత ఎండా కలిసి మిగిల్చేది ఒక్క మిల్లీసెకను.

ఇంకో తమాషా. ఫోన్‌లోని పాటను బ్లూటూత్ మీద కీబోర్డుకు పంపి, దాని స్పీకర్లలో వింటూ వాయిస్తే ఏ ఇబ్బందీ లేదు. పాట ఆలస్యంగా వచ్చినా మీరు వాయించేది విన్నదానితోనే కదా! చాలా కీబోర్డుల్లో బ్లూటూత్ ఆడియో అందుకోవడానికే గానీ పంపడానికి లేకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

మరి ఆలస్యం తగ్గాలంటే? గిటార్ల కోసం చేసిన వైర్‌లెస్ సెట్లు అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో, నిలవ బాగా తగ్గించి పనిచేస్తాయి. బాస్ కంపెనీ డబ్ల్యూఎల్-20లో ఆలస్యం 2.3 మిల్లీసెకన్లే. పాతకాలపు అనలాగ్ కాలర్ మైకులో, మన పెళ్ళిళ్ళలో పంతులుగారు పెట్టుకునే రకంలో, శబ్దాన్ని ముక్కలు చేసే పనే లేదు, ఆలస్యం లేనట్టే. 2020లో ప్రకటించిన బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియో కూడా ఆలస్యాన్ని బాగా తగ్గించగలదు. కాకపోతే పంపే పరికరంలోనూ స్పీకరులోనూ అది ఉండాలి. ఒకవైపే ఉంటే పాత ఆలస్యమే. లేదంటే ఒక మీటరు ఆక్స్ కేబుల్ చాలు.