కోసిన మడిలో బోడసరం

బోడసరం చామంతి కుటుంబానికి చెందిన ఘాటు వాసన గల కలుపు మొక్క. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వానాకాలం వరి కోసిన మళ్లలోనూ, నీళ్లు తగ్గిన చెరువు శిఖాల్లోనూ పెరుగుతుంది. శాస్త్రీయ నామం స్ఫీరాంథస్ ఇండికస్. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాల్లోనూ ఇది సహజంగా మొలుస్తుంది.

మొక్క సాధారణంగా మూరెడు ఎత్తు దాటదు. కొమ్మలు నేల మీద పరుచుకుని కొసలు పైకి లేస్తాయి. ఆకుకు కాడ ఉండదు. ఆకు అడుగుభాగం కాండం వెంట కిందికి సాగి, రంపపు పళ్ల అంచుతో రెక్కలా అంటుకుని ఉంటుంది. పూత లేనప్పుడు కూడా ఈ గుర్తుతో బోడసరాన్ని పోల్చుకోవచ్చు. మొక్కంతా నూగు. ఆ నూగులోని గ్రంథుల్లో ఊరే తైలమే వాసనకు మూలం. కాలి కింద ఆకు నలిగితే చాలు, గుప్పుమంటుంది. పశువులు దీన్ని అంతగా ముట్టవు. కోతల తర్వాత మేతకు వదిలిన పశువులు మిగతా గడ్డిని మేసేస్తే, బోడసరానికి మడి మరింత ఖాళీ అవుతుంది.

చలికాలంలో పూత మొదలవుతుంది. గులాబీ, ఊదా రంగులు కలిసిన గుండ్రని బంతి చూడటానికి ఒకే పువ్వులా ఉన్నా, నిజానికి అది ఎన్నో చిన్న పూగుత్తుల కూర్పు. ఒక్కో గుత్తిలో మళ్లీ కొన్ని సన్నని పూలుంటాయి. అదే కుటుంబంలోని గడ్డిచామంతి గింజకు గాలిలో తేలే కుచ్చు ఉంటుంది. బోడసరం గింజకు ఆ కుచ్చు లేదు. అందువల్ల అది ఎక్కువగా తల్లిమొక్క దగ్గరే రాలుతుంది, పారే నీటితో, మట్టితో పక్క మళ్లకు చేరుతుంది.

ఈ మొక్క జీవితం నీళ్లు తీసిన నాటికీ, మళ్లీ దున్నే నాటికీ మధ్యనున్న వ్యవధిలో సాగుతుంది. వర్షాధారపు ఎర్ర చెలకల్లో చెమ్మ త్వరగా ఆరిపోతుంది కనుక అక్కడ దీనికి అనువు తక్కువ. చెరువు కింది ఒకపంట మళ్లలో మాత్రం కొయ్యకాళ్ల నడుమ నెలల తరబడి తీరిక దొరుకుతుంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ వైపు యాసంగి వరి పెరిగింది. అలా వెంటనే దమ్ము చేసి నాట్లు వేసే మడిలో దీనికి నిలదొక్కుకునే వేళ ఉండదు. పడావు మడిలోనైనా గింజ కట్టకముందే పీకడం, లేదా దున్నడం సరిపోతుంది. ఆలస్యమైతే రాలిన గింజలు మరుసటి ఏటి కలుపవుతాయి.

వైద్యంలో బోడసరానికి చాలాకాలంగా స్థానం ఉంది. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం దీన్ని ముండి పేరుతో చెబుతుంది. యునానీ హకీములు ఎండిన పూలను గుల్-ఎ-ముండి అంటారు, రక్తశుద్ధి మందుల్లో వాడతారు. మొక్కలో సెస్క్విటెర్పీన్ లాక్టోన్లనే చేదు రసాయనాలున్నట్టు ఆధునిక పరిశోధనలు గుర్తించాయి. చామంతి కుటుంబపు మొక్కల్లో కొందరి చర్మానికి పడని పదార్థాలు ఈ తరగతిలోనివే. అందుచేత పొలంలో పీకిన మొక్కను సొంతంగా మందుగా వాడకూడదు. వైద్యుడి సలహా తప్పనిసరి.